వీడియోలో చేతులు

పసిపిల్లల బట్టలు కుట్టడంలో అక్కది అందెవేసిన చెయ్యి. చొక్కా అన్న ఒంటి మీంచి తమ్ముడి ఒంటికి దిగినా, ఆమె వేసిన కాజాలో పోగు లేచేది కాదు. కానీ దుకాణం సందు చివర. దారి తప్పినవాళ్ళే తప్ప అటు వచ్చేవాళ్ళు తక్కువ.

"ఇంకెన్నాళ్ళు ఈగలు తోలుకుంటూ కూర్చుంటాం? ఫోన్లో పేజీ పెడదామక్కా," అంది చెల్లెలు. బేరాలూ మాటలూ ఆమెవి, కుట్టుపని అక్కది.

మొదటి వీడియోలో అక్క చేతులే కనిపించాయి, తెల్లగౌను మీద పసుపుదారంతో పువ్వు కుడుతూ. వెలుతురు కోసం చెల్లెలు బల్లని కిటికీ పక్కకి జరిపింది. ఆ వెలుతురులో అక్క వేళ్ళ మీది బొల్లి మచ్చలు కొట్టొచ్చినట్టు కనిపించాయి. చిన్నప్పట్నించీ ఉన్నవే. ఇంట్లోవాళ్ళ కంటికి అవి ఎప్పుడో ఆనడం మానేశాయి.

మర్నాటికి వేలమంది చూశారు. ఇద్దరూ తలలు ఆనించి కామెంట్లు చదువుకున్నారు. "ఎంత ముద్దుగా ఉందో!" దాని కిందే ఎవరో తల్లి రాసింది: "ఆ చేతులు తగిలింది పసిబిడ్డకి తొడగాలా? అంటుకుంటే?" దానికి మూడొందల లైకులు.

చెల్లెలు భగ్గుమంది. బొల్లి అంటురోగం కాదని ఒక్కొక్కరికీ జవాబు రాసింది. మాటకి మాట పెరిగింది గానీ ఒక్క ఆర్డరూ రాలేదు. నాలుగోరోజు గోళ్ళకి రంగేసుకుని వచ్చింది. "ఈసారికి నా చేతులు పెడతానక్కా," అంది, అక్క మొహం చూడకుండా.

"దానికేముందే, పెట్టు," అని అక్క లేచి కుర్చీ ఇచ్చింది. సూది ఎలా పట్టుకోవాలో తనే నేర్పింది కూడా.

ఆర్డర్లు వచ్చిపడ్డాయి. అక్క వీడియోలో పడకుండా గదికి అడ్డంగా తెర కట్టారు. వెనక మిషను, ముందు చెల్లెలు. "నేను కుట్టిన ఈ గౌను" అనడానికి మొదట్లో ఆమెకి నాలుక తడబడేది. పోనుపోను అలవాటైంది. ఒకసారి వీడియో ఆపేశాక అక్కతో కూడా అలాగే అంది. తెర వెనక మిషను చప్పుడు ఆగింది. చెల్లెలు గమనించలేదు.

చెల్లెలు లేని ఒక మధ్యాహ్నం ఒకావిడ చంటిపాపతో వచ్చింది. అక్క టేపు తీసుకుని పాప భుజాల కొలత తియ్యబోయింది. ఆవిడ చటుక్కున ఒకడుగు వెనక్కి వేసింది.

"కుట్టే అమ్మాయి లేదా?"

అక్క చేతులు వెనక్కి పెట్టుకుంది. "లేదండీ. నేను ఊడవడానికి వస్తాను."

ఆ మాట తన నోటి నుంచే వచ్చిందని ఆవిడ మెట్లు దిగాక గానీ అక్కకి తెలియలేదు.

ఒప్పుకున్న గౌన్లన్నీ పూర్తిచేసి, ఆ వారంలోనే అక్క దుప్పట్ల ఫ్యాక్టరీలో చేరి, మకాం కూడా అక్కడికే మార్చేసింది. చెల్లెలు ఏడ్చింది, తిట్టింది. "నేను నిన్ను పొమ్మన్నానా?"

"లేదే. నువ్వేమీ అనలేదు."

కొత్తగా పెట్టుకున్న పనివాళ్ళు కుట్టిన గౌన్లు వెళ్ళిన దారినే తిరిగొచ్చాయి. గుండీ ఊడి పిల్లాడి నోట్లోకి పోబోయిందని ఒక తండ్రి పేజీలో దుమ్మెత్తి పోశాడు. ఎండాకాలం దాటకుండానే షట్టరు దిగింది.

చెల్లెలు ఫ్యాక్టరీ గేటు దాకా వచ్చింది. అక్క ఆమె జుట్టు సవరించి, తిన్నావా అని అడిగింది. ఇంటికి రమ్మంటే మాత్రం తల అడ్డంగా ఊపి, బెల్లు మోగిందని లోపలికి వెళ్ళిపోయింది. కాపలా మనిషి పొమ్మనేదాకా చెల్లెలు అక్కడే నిలబడింది.