ఇద్దరికి సరిపడే పళ్లెం

కర్నూలుకు బదిలీ అయి వచ్చిన మొదటి నెలలోనే నాగలతకు ఒక సంగతి తెలిసొచ్చింది. ఒక్క మనిషికి వండడం తనకు చేతకాదు. పద్నాలుగేళ్లు కడపలో అత్తగారింట్లో ఎనిమిది మందికి వండిన చెయ్యి అది. ఎంత తగ్గించి పోద్దామన్నా బియ్యం రెండు గ్లాసులకు తగ్గేవి కావు. సోమవారం చేసిన పప్పు బుధవారం దాకా ఫ్రిజ్‌లో ఉండేది. మూడోరోజు దాన్ని సింకులో పారబోస్తుంటే ఆమెకు ఎందుకో ఎవరికో అన్యాయం చేసినట్టు ఉండేది.

విడాకులు వచ్చి రెండేళ్లయింది. పెద్ద గొడవలేం జరగలేదు. పిల్లలు పుట్టలేదు. పోను పోను మాటలు కూడా కరువయ్యాయి. ఒకరోజు కోర్టులో సంతకాలు పెట్టి ఎవరి ఆటో వాళ్లు ఎక్కి వెళ్లిపోయారు. అయితే ఆ తర్వాత లేడీస్ హాస్టల్లో చేరినా కడపలో ఉండడమే కష్టమైంది. కూరగాయల అంగట్లో, ఆఫీసులో, బస్సులో పక్క సీట్లో, ఎక్కడ చూసినా ఆమె కథ తెలిసినవాళ్లే. అందుకే నీటిపారుదల శాఖలో సూపరింటెండెంటుగా ప్రమోషన్ ఇచ్చి కర్నూలు వేస్తే, తోటివాళ్లు "అంత దూరమా!" అన్నా ఆమె మారుమాట లేకుండా వచ్చేసింది. కల్లూరులో కొత్తగా కట్టిన ఒక ఇంట్లో పై పోర్షను దొరికింది. ఇంటి యజమాని సుబ్బయ్య రిటైరైన టీచరు. మంచివాడే. ఒక్క షరతు మాత్రం పెట్టాడు.

"ఇంట్లో నీచు వండగూడదమ్మా. బయట తినొస్తే మాకేం అభ్యంతరం లేదు."

ఆదివారాలు బయట తినడం అట్లా మొదలైంది.

నిజానికి నాగలతకు నలభై రెండేళ్లు వచ్చినా హోటల్లో కూర్చుని తిన్న సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అత్తగారింట్లో హోటల్ భోజనమంటే పార్సిలే. పొట్లాలు విప్పి మామగారికి, మరుదులకు, వాళ్ల పిల్లలకు వడ్డించి, అందరూ లేచాక మిగిలిన చల్లటి బిరియాని ఆమె వంతుకు వచ్చేది. తను కుర్చీలో కూర్చుని ఉంటే ఎవరో పొగలు కక్కే పళ్లెం తెచ్చి ముందు పెట్టాలని ఆమెకు ఎప్పట్నుంచో ఆశ. ఇంత చిన్న ఆశ చెప్పుకుంటే నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు.

మొదటి ఆదివారం పొద్దున రాజ్‌విహార్ దగ్గరున్న పాత టిఫిన్ హోటలుకు వెళ్లింది. బల్లలన్నీ నిండి ఉన్నాయి. ఒక బల్ల దగ్గర ఎవరో పెద్దాయన బొరుగుల ఉగ్గాని, బజ్జీ తింటుంటే ఎదురుగా ఖాళీ ఉందని కూర్చుంది. ఆయన తలెత్తి చూసి, పళ్లెం చేతిలోకి తీసుకుని, పక్క బల్ల దగ్గర నిలబడి తిన్నాడు. అది మర్యాదేనని ఆమెకు తెలుసు. ఆడమనిషి ఇబ్బంది పడకూడదని లేచాడు. అయినా ఎదురుగా ఖాళీ అయిన ఆ చోటు చూస్తూ తినలేక, తను తెప్పించుకున్న ఉగ్గాని సగంలోనే వదిలేసి లేచింది.

తర్వాతి వారం బిరియాని హోటలు. గుమ్మంలోనే అడిగారు.

"పార్సిలా మేడమ్?"

"కాదు. ఇక్కడే తింటా."

"ఎంతమంది?"

"ఒక్కదాన్నే."

అతను ఆమె భుజం మీదుగా వెనక్కి చూశాడు, ఇంకెవరైనా వస్తున్నారేమోనని. తర్వాత మేడ మీద ఫ్యామిలీ క్యాబిన్‌లోకి తీసుకుపోయి ఆకుపచ్చ తెర లాగేశాడు. లోపల ఆరు కుర్చీలు. ఐదింటిని ఎదురుగా పెట్టుకుని ఆమె ఆరోదాంట్లో కూర్చుంది. బిరియాని తెచ్చినవాడు మళ్లీ ఇటు తొంగిచూడలేదు. పక్క క్యాబిన్‌లో ఎవరో పిల్లవాడు లెగ్ పీసు కోసం ఏడుస్తుంటే వాళ్ల నాన్న "నాది తీసుకోప్పా, ఏడవగాకు" అంటున్నాడు. ఆ మాటలు వింటూ ఆమె తినేసి, నీళ్లు అడగడానికి మొహమాటపడి అట్లాగే కిందికి దిగింది.

ఒక ఆదివారం ఏసీ హోటల్లో నూడుల్స్ తిందామని వెళ్తే చేతులు కడిగే చోట చిన్న బల్ల చూపించారు. హాలు మధ్యలో ఎవరిదో పుట్టినరోజు. చప్పట్లయ్యాక ఒక చిన్నపిల్ల కాగితం పళ్లెంలో కేకు ముక్క తెచ్చి "ఆంటీ, తీసుకోండి" అని పెట్టి పరుగెత్తింది. పుట్టినరోజు ఎవరిదో తెలీదు. ఆ పిల్ల పేరూ తెలీదు. క్రీము కూడా మిగల్చకుండా తినేసింది నాగలత.

ఇంకో ఆదివారం ఏం బుద్ధి పుట్టిందో, హైవే మీద 'అసలైన కడప రుచులు' అని బోర్డు పెట్టిన చోటికి వెళ్లింది. రాగి సంగటి, నాటుకోడి పులుసు తెచ్చిపెట్టి, వడ్డించే అతను ఎంతో శ్రద్ధగా చెప్పాడు.

"సంగటి నమలగూడదు మేడమ్. చిన్న ముద్ద చేసి, పులుసులో అద్దుకుని మింగెయ్యాల. కడపోళ్లు అట్లే తింటారు. మీదే ఊరు?"

"ఈ ఊరే," అంది నాగలత.

అబద్ధం అంత సులువుగా వచ్చినందుకు ఆమెకే ఆశ్చర్యం వేసింది. పులుసు బాగానే ఉంది. ధనియాలు వేయించి నూరిన వాసన, అచ్చం అత్తగారు చేసినట్టే. నాలుగు ముద్దలు తిన్నాక ఇక తినలేకపోయింది. ఇంటికొచ్చి సాయంత్రం దాకా పడుకుంది.

అక్టోబరులో కల్లూరు పక్కనే మూడంతస్తుల కొత్త బిల్డింగులో మందీ అనే అరబ్బు బిరియాని హోటలు తెరిచారు. పై అంతస్తులో నేల మీద మెత్తటి పరుపులు వేసి, మధ్యలో పెద్ద పళ్లెం పెట్టి, అందరూ దాంట్లోనే కలిసి తినే పద్ధతి. నాగలత ఆ సంగతి తెలీకుండానే వెళ్లింది.

"మందీ ఇద్దరికి తక్కువ ఇయ్యం మేడమ్," అన్నాడు సూపర్‌వైజరు. "పళ్లెమే అంత ఉంటాది. ఇంకేమన్నా చెప్పమంటారా?"

వద్దని లేచింది. చెప్పులేసుకుంటుంటే మెట్ల దగ్గర మాటలు పెరిగాయి. యాభై దాటిన ఒక ఆడమనిషి, ఎర్రంచు చీర, చేతిలో గుడ్డసంచి, దారికి అడ్డంగా నిలబడి ఉంది.

"పెద్దమ్మా, పార్సిల్ కౌంటరు కింద ఉంది. ఆడికి పో," అంటున్నాడు సూపర్‌వైజరు.

"పార్సిల్ నాకెందుకప్పా? నేను కూసోని తినేకి వచ్చినా. దుడ్లు ఇస్తా గదా. కూసోని తినల్ల నేను."

నాగలత చెప్పులు వేసుకున్నదల్లా మళ్లీ విడిచేసింది. ఏం చేస్తున్నదో తనకే తెలిసేలోపల మాట నోట్లోంచి వచ్చేసింది.

"ఆమె నాతో వచ్చింది. ఇద్దరం ఉన్నాం గదా, ఇప్పుడు ఇస్తారా?"

సూపర్‌వైజరు ఇద్దరినీ మార్చి మార్చి చూసి పక్కకు తప్పుకున్నాడు. ఆ మనిషి నాగలతను అనుమానంగా ఒక చూపు చూసింది. తర్వాత లోపలికి వచ్చింది గానీ వెంటనే కూర్చోలేదు. మూలకు పోయి, ఆకుపచ్చ రంగు వేసిన గోడ మీద అరచెయ్యి ఆనించి, పైనుంచి కిందికి నెమ్మదిగా నిమిరింది. అప్పుడొచ్చి పరుపు మీద కూర్చుంది.

ఆమె పేరు హంపమ్మ. కోసిగి దగ్గర పల్లె. వానలు పడని ఏడు మొగుడూ పెళ్లాలు ఊరు వదిలి పనులకు వస్తారు. పోయిన ఏడాది ఎనిమిది నెలలు ఈ బిల్డింగు పనిలోనే ఉన్నారు.

"ఈ స్లాబు పోసిన దినం పొద్దున్నుంచి సందకాడ దాకా తట్ట నెత్తిన పెట్టుకోని ఎక్కేది, దిగేది. కాళ్లు యాడుండాయో తెలీలే అక్కా," అంది హంపమ్మ. "పని అయినంక ఓనరు మాకందరికీ అన్నం పెట్టినాడు. లేదనగూడదు. కింద ఇసకలో కూసోబెట్టి పెట్టినాడు. అప్పుడు మా ఇంటాయప్ప అన్నాడు, ఇది తయారైనంక మనమూ ఒగ దినం పైన కూసోని తిందామని."

"మరి ఆయన రాలేదా?"

"పెద్దాసుపత్రిలో ఉండాడు. ఇంగో పనికాడ కాలు యిరిగింది. రేపో ఎల్లుండో పంపిస్తారంట. ఊరికి పోతే మళ్లా ఈ పక్క ఎప్పుడొస్తామో, పోయి సూసి రాపో అని తరిమినాడు."

పళ్లెం వచ్చింది. బండి చక్రమంత ఉంది. పొడుగాటి మెతుకులు, పైన మాంసం ముక్కలు, జీడిపప్పు, ద్రాక్షలు. పొగలు ఇద్దరి మొహాల మీదికీ వచ్చాయి. హంపమ్మ చూపుడువేలితో అన్నం మధ్యలో అడ్డంగా గీత గీసింది.

"ఇది నీది. ఇది నాది."

ఒక ముద్ద తిని మొహం చిట్లించింది.

"ఇదేందక్కా, కారమే లేదు!"

నాగలతకు నవ్వొచ్చింది. కర్నూలు వచ్చాక పైకి వినిపించేటట్టు నవ్వడం అదే మొదటిసారి. పచ్చిమిరపకాయలు, ఉల్లిగడ్డ తెప్పించుకున్నారు. కొరుక్కుంటూ తిన్నారు. కాసేపటికి మధ్యలో గీత ఎక్కడుండిందో కనబడలేదు.

"మీ ఇంట్లోవాళ్లు రాలేదా?" అని అడిగింది హంపమ్మ.

"నాకెవరూ లేరు. ఆయన, నేను విడిపోయినాం."

ఈ మాట ఈ ఊళ్లో ఎవరికీ చెప్పలేదు నాగలత. అయ్యో అంటుందేమోనని తల వంచుకుంది. హంపమ్మ అయ్యో అనలేదు. ఎందుకని కూడా అడగలేదు. తన పక్కనున్న మంచి ముక్క ఒకటి తీసి నాగలత వైపు తోసింది.

"తిను. సల్లారిపోతాది."

బిల్లు కట్టేటప్పుడు తన సగం తనే ఇచ్చింది హంపమ్మ. నాగలత వద్దంటే గద్దించింది. రెండు ముక్కలు, కాస్త అన్నం మొగుడికని కట్టించుకుంది. కిందికి దిగాక నాగలత, "నేనూ వస్తా" అంది.  ఇద్దరూ షేరాటో ఎక్కారు.

ఆసుపత్రిలో హంపమ్మ మొగుడు లక్ష్మన్న మంచం కిటికీ పక్కన ఉంది. కాలికి తొడ దాకా పట్టీ. మనిషి సన్నగా, గడ్డం పెరిగి ఉన్నాడు. పెళ్లాన్ని చూడగానే మోచేతుల మీద లేచాడు. పొట్లం చేతికిస్తే పక్కన పెట్టేశాడు.

"ఆ మూల సూసినావా? నీళ్లు కారుతాండె గదా."

"సూసినా. పచ్చరంగు ఏసినారు. చెయ్యి పెట్టి సూసినా, పొడిగా ఉండాది."

"నిజంగా?"

"ఒట్టు."

"మెట్లకు రాయి ఏసినారా, టైల్సా?"

"రాయే. నల్లది. జారదు."

లక్ష్మన్న వెనక్కి వాలి పైకప్పు వైపు చూస్తూ నవ్వుకున్నాడు. తిండి ఎట్లుందని ఒక్కమాట అడగలేదు. అప్పుడు నాగలతను చూసి, "కూసో తల్లీ" అని స్టూలు చూపించాడు. ఆమె కూర్చుంది. వాళ్లిద్దరూ సగం సగం మాటల్లో మాట్లాడుకుంటున్నారు. ఒకరు మొదలుపెట్టింది ఇంకొకరికి అర్థమైపోతే మిగతా సగం వదిలేస్తున్నారు. ఆయన దిండు సర్దుకోబోతే ఈమె చెయ్యి అప్పటికే అక్కడుంది. తన ఇంట్లో పద్నాలుగేళ్లలో ఇట్లాంటి ఒక్క పూట ఉందేమోనని నాగలత వెతుక్కుంది. ఒకటో రెండో ఉండాలి. గుర్తుకు రాలేదు.

"పోయొస్తా," అని లేచింది.

"మా ఊరికి రా అక్కా. జొన్నరొట్టె చేసి పెడతా," అంది హంపమ్మ వార్డు తలుపు దాకా వచ్చి.

నాగలత ఫోన్ నంబరు అడగాలనుకుంది. ఒక్కపూట కలిసి తిన్నంత మాత్రాన వెంటపడుతున్నానని అనుకుంటారేమోనని సిగ్గేసి అడగలేదు.

ఆ వారమంతా ఫైళ్లు తిప్పుతున్నా మనసు వార్డులోనే ఉంది. మంగళవారం పోదామనుకుంది, ఆఫీసులో మీటింగు పడింది. బుధవారం పోతే ఏమని చెప్పాలో తోచలేదు. ఆదివారం పొద్దునే డజను అరటిపండ్లు కొనుక్కుని వెళ్లింది. కిటికీ పక్క మంచం మీద వేరే ముసలాయన పడుకుని ఉన్నాడు.

"లక్ష్మన్నా? మంగళవారమే పంపించేశాం కదమ్మా," అంది నర్సు. "మీరేమవుతారు?"

 కోసిగి దగ్గర పల్లె అని తప్ప ఆ ఊరి పేరు కూడా నాగలత అడగలేదు. అరటిపండ్లు ముసలాయన తలదిండు పక్కన పెట్టి బయటికొచ్చింది.

మధ్యాహ్నం కావస్తోంది. ఆసుపత్రి ఎదురుగా రేకుల కింద ఒక చిన్న భోజనం హోటలు ఉంది. పొడుగాటి బల్లల మీద రోగుల తాలూకు మనుషులు భుజాలు రాసుకుంటూ కూర్చుని తింటున్నారు. నాగలత నిలబడి చూస్తుండగానే ఎవరో జరిగి చోటిచ్చారు. కూర్చుంది. విస్తరాకు పడింది, అన్నం పడింది. నిద్రలేక కళ్లు ఎర్రబడిన పక్కనున్న ఆడమనిషి ఇటు తిరిగి అడిగింది.

"మీ వాళ్లకు ఎట్లుండాదమ్మా?"

నాగలత అన్నం కలుపుతూ చెప్పింది.

"నయమైంది. ఊరికి పోయినారు."

"పోనీలే, దేవుడు సూసినాడు. మాకింగా పది దినాలు ఉండమంటాండారు."

"ఎవరికి? ఏమైంది?"

ఆమె ముద్ద కలపడం ఆపి, మొగుడి కడుపునొప్పి సంగతి మొదటి నుంచీ ఎత్తుకుంది. బనగానపల్లెలో ఏ డాక్టరు ఏమన్నాడో, ఏ బస్సెక్కి వచ్చారో, అంతా చెబుతోంది. నాగలత మజ్జిగ పోయించుకుని, ఊకొడుతూ తింది.