చెయ్యి తీసేదాకా

పళ్ళు తోముకునే పాత బ్రష్షుతో మైకు జాలీని రుద్దుతూ ఉండగా పార్కు గేట్లు తెరిచిన చప్పుడు వినిపించింది. ఆమె తల ఎత్తలేదు. సందుల్లోని దుమ్మును ఊది, పొడిగుడ్డతో తుడిచి, గోటితో రెండుసార్లు కొట్టింది. టక్, టక్. పార్కంతటా స్తంభాలకు కట్టిన పద్నాలుగు లౌడ్‌స్పీకర్లూ ఆ రెండు దెబ్బలనూ తిరిగి పలికాయి. కొలను పక్కది మాత్రం ఎప్పటిలాగే జలుబు చేసిన మనిషిలా పలికింది.

"బతికే ఉన్నావన్నమాట," అని దాన్ని పలకరించి ఆమె స్విచ్చి ఆపింది.

ముప్పై నాలుగేళ్ళుగా ఇదే ఉద్యోగం. పొద్దున పాటలు పెట్టడం, సాయంత్రం మూసే వేళయిందని చెప్పడం, మధ్యలో తప్పిపోయిన పిల్లల సంగతి చూడటం. చేరిన కొత్తలో అందరూ మైకు అక్క అన్నారు. కొన్నాళ్ళకు మైకు అత్త అన్నారు. ఇప్పుడు మైకు మామ్మ. ప్రమోషన్లన్నీ పిల్లలే ఇచ్చారు గానీ ఆఫీసువాళ్ళు ఒక్కటీ ఇవ్వలేదు. పెళ్ళి మాట ఆ మధ్య రెండుసార్లు వచ్చి, రెండుసార్లూ దారి తప్పింది. వాటి కోసం ఆమె మైకులో చెప్పలేదు.

గది ఎనిమిదడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు. కిటికీ ముందు బల్ల, బల్ల మీద మైకు, రంగు వెలిసిన ఆంప్లిఫయర్. కిందనేమో కుండీలో రబ్బరు మొక్క, దాని పక్కన జానెడు ఎత్తు స్టూలు. మామూలు స్టూలుకే తోటమాలి కాళ్ళు కోసి ఇచ్చాడు. కోయడంలో నాలుగో కాలు కాస్త పొట్టిదైంది. "నేను కొమ్మలు కోసేవాణ్ణి అక్కయ్యా, కాళ్ళు కాదు," అని తప్పుకున్నాడు. అప్పటినుంచి ఆ కాలు కింద మడిచిన అట్టముక్క ఒకటి అంటించి ఉంటూ వచ్చింది. అరిగిపోయినప్పుడల్లా ఆమె కొత్తది మడిచి అంటిస్తుంది. మొక్క కింది ఆకులు రెండూ పిల్లల చేతులు తగిలి తగిలి నూనె రాసినట్టు మెరుస్తుంటాయి.

ఆ రోజు ఆమెకు ఆఖరి రోజు. కొలను పక్కన కొత్తగా వేసిన పాడే తోటను మర్నాడు తెరుస్తారు, ఆ మర్నాడు ఈ గదిని పడగొడతారు. ఇకనుంచి పాటలు మొక్కలే పాడతాయట. ఆకు ముట్టుకుంటే చాలట. నెల కిందట మీటింగులో ఈ ముచ్చటంతా చెప్పి, చివర్లో ఆమెను కూడా ఏమైనా అడగమన్నారు.

"మరి తప్పిపోయిన పిల్లలో?" అంది ఆమె.

"ఇప్పుడు అందరి దగ్గరా ఫోన్లున్నాయి కదమ్మా."

"నాలుగేళ్ళ పిల్ల దగ్గరా ఉందా?"

అందరూ ముందున్న కాగితాల్లోకి చూసుకున్నారు. ఆ ప్రశ్న అప్పటినుంచీ ఆమె గొంతులో చేపముల్లులా ఉండిపోయింది. రేపు కాకపోతే ఎల్లుండి ఒక పిల్ల తప్పిపోతుంది. అందులో సందేహం లేదు. ఆ పిల్ల ఎక్కడికి పోవాలి? ఉద్యోగం పోతున్నందుకు ఆమెకు బాధగానే ఉంది, కానీ ఈ బాధ వేరు. గుర్తుగా ఏమైనా కావాలా అని ఆఫీసువాళ్ళు అడిగితే ఆ పొట్టి స్టూలు అడిగింది. కాగితం మీద సంతకం పెట్టి మరీ ఇచ్చారు.

పదకొండింటికి ఆ తోటను రూపుదిద్దిన డిజైనరు గదిలోకి వచ్చింది. ముప్పై అయిదేళ్ళుంటాయి, మోకాళ్ళ దాకా మట్టి, చంకలో ల్యాప్‌టాప్. ప్లగ్గు పెట్టుకోవడానికి రోజూ ఇక్కడికే వస్తుంది. ఆ రోజు ప్లగ్గు పెట్టకుండానే గోడకు ఆనుకుని కూలబడింది.

"నాలుగు నిమిషాలు ఆంటీ," అంది.

"ఏంటమ్మా నాలుగు నిమిషాలు?"

"పొద్దున స్కూలు పిల్లలు నలభైమంది వచ్చారు, ట్రయలుకి. పన్నెండు పాదులు, పన్నెండు పాటలు. ఒక్కొక్క ఆకూ తట్టడం, పాట మొదలవగానే పక్కదానికి పరిగెత్తడం. నాలుగు నిమిషాల్లో అన్నీ తట్టేసి జారుడుబల్ల దగ్గరికి పోయారు. మూడేళ్ళు పడ్డాను దీని మీద. మట్టిలో వైర్లు పెట్టి, ప్రతి మొక్కకీ మంచి మంచివాళ్ళతో వాయింపించి..."

"పాటలు బాగానే ఉన్నాయమ్మా. నిన్న నేనూ విన్నా."

"బాగుంటే ఎందుకు పారిపోతారు?"

దానికి ఆమె ఏదో చెప్పబోయేలోపే తలుపు దగ్గర తోటమాలి కనిపించాడు. ఒక చేతిలో నీళ్ళ పైపు, రెండో చేతిలో నాలుగేళ్ళ పాప వేలు. పాపకు పసుపుపచ్చ గౌను, మోకాలి మీద ప్లాస్టర్. ఏడ్చి ఏడ్చి ఎక్కిళ్ళలోకి దిగింది.

"కొత్త గిరాకీ, అక్కయ్యా," అన్నాడు. "పేరడిగితే చెప్పట్లేదు."

"పేరెందుకు మనకి," అంటూ ఆమె పాపను స్టూలు మీద కూర్చోబెట్టింది. పేరు తెలిసినా మైకులో ఎప్పుడూ చెప్పదు. పేరు విన్నవాడెవడైనా వచ్చి ఆ పేరుతో పిలిచి తీసుకుపోవచ్చు. గుర్తులు మాత్రమే చెబుతుంది, వచ్చినవాళ్ళను పేరడుగుతుంది. ఇది ఆమెకు ఎవరూ నేర్పలేదు.

స్విచ్చి వేసింది. "పసుపుపచ్చ గౌను వేసుకున్న పాప మైకు గదిలో క్షేమంగా ఉంది. పాప తాలూకువాళ్ళు నిదానంగా నడిచి రండి. పరుగెత్తొద్దు, మెట్లున్నాయి." ప్లాస్టర్ సంగతి చెప్పలేదు. అది అడగడానికి దాచుకుంది.

తర్వాత పాప చేతిని తీసి రబ్బరు మొక్క కింది ఆకు మీద పెట్టింది. పెట్టగానే గొంతులోనే సన్నగా కూనిరాగం అందుకుంది. పాట కాదు. మాటల్లేవు, మలుపుల్లేవు. ఒకే తీరున సాగే చిన్న రాగం. పాప ఉలిక్కిపడి చెయ్యి తీసింది. రాగం ఆగిపోయింది. పాప ఆమె మొహం వైపు అనుమానంగా చూసి మళ్ళీ ఆకు పట్టుకుంది. రాగం మొదలైంది. తీసింది, ఆగింది. పట్టుకుంది, సాగింది. అయిదారు సార్లు ఈ పరీక్ష అయ్యాక పాపకు నమ్మకం కుదిరి, రెండు చేతులతోనూ ఆకును పట్టుకుని కదలకుండా కూర్చుంది. ఎక్కిళ్ళు ఎప్పుడు తగ్గాయో ఎవరూ గమనించలేదు.

ఇరవై నిమిషాలు గడిచాయి. ఆమె ఊపిరి తీసుకోవడానికి తప్ప ఆగలేదు. చివరికి తండ్రి వచ్చాడు. మొహంలో రక్తం లేదు. పాపను చూడగానే భయం కాస్తా కోపంగా మారి చెయ్యి పైకి లేచింది.

"ముందు నీళ్ళు తాగండి," అని ఆమె గ్లాసు ఆ చేతిలో పెట్టింది. "తర్వాత తిడుదురుగాని. పాప పేరేంటి? దెబ్బ ఎక్కడ తగిలింది?"

నీళ్ళు తాగి, రెండూ సరిగ్గా చెప్పేసరికి అతనికి తిట్టే ఓపిక పోయింది. ఇది కూడా ఆమెకు ముప్పై నాలుగేళ్ళుగా తెలిసిన సంగతే.

వాళ్ళు వెళ్ళాక డిజైనరు నేల మీదనుంచి లేవకుండానే అడిగింది. "అలా ఎంతసేపు పాడతారు ఆంటీ?"

"వాళ్ళు చెయ్యి తీసేదాకా."

"తియ్యకపోతే?"

"ఎవరో ఒకరు వస్తారుగా."

ఆమె గొంతు తడుపుకుని, ఇందాక చెప్పబోయింది ఇప్పుడు చెప్పింది. "నీ మొక్కలు తట్టగానే మొత్తం పాట పాడేస్తున్నాయి తల్లీ. ఇక పిల్లలక్కడ నిలబడ్డానికి ఏం మిగిలింది?"

ఆ కూనిరాగం ఆమెది కాదు. ఆమెకు తొమ్మిదేళ్ళప్పుడు బట్టల బజారులో తమ్ముడి చెయ్యి వదిలేసింది. రిబ్బను చూద్దామని వదిలింది, ఒక్క క్షణం. వాడికి మూడేళ్ళు. మూడు గంటలు వెతికారు. ఆ మూడు గంటలు ఆమె ఏమేం మొక్కుకుందో, ఎన్నిసార్లు చచ్చిపోదామనుకుందో ఎవరికీ చెప్పలేదు. చివరికి వాడు బజారు చివర ఒక దర్జీ ఆవిడ దగ్గర దొరికాడు. కుట్టుమిషను బల్లమీద అరచెయ్యి ఆనించి నిలబడి ఉన్నాడు. ఆవిడ కూనిరాగం తీస్తూ మిషను తొక్కుతోంది. మిషనులో బట్ట లేదు, సూదిలో దారం లేదు. "ఆపితే ఏడుస్తున్నాడమ్మా," అందట ఆవిడ అమ్మతో. మధ్యాహ్నం కుట్టాల్సిన బట్టలన్నీ పక్కన అలాగే పడి ఉన్నాయి. "తొక్కుతున్నంతసేపూ ఇక్కడే ఉన్నాడు. కదిలిపోతే మీకు దొరకడు కదా."

తమ్ముడికి అదేదీ గుర్తులేదు. పెద్దయి బస్సుల మెకానిక్కయ్యాడు, పెళ్ళి చేసుకున్నాడు. కానీ పెళ్ళాం కుట్టుమిషను ముందు కూర్చుంటే చాలు, ఎంత అలిసినా అలవకపోయినా నిమిషంలో గుర్రుపెట్టేవాడు. "మీ తమ్ముడికి జోలపాడ్డానికి నేను రోజుకో జాకెట్టు కుట్టాల్సొస్తోంది వదినా," అని మరదలు నవ్వేది. వాడు పోయి రెండేళ్ళయింది. ఇప్పుడు ఆ రెండు గదుల ఇంట్లో వదినామరదళ్ళే ఉంటారు. సాయంత్రాలు మరదలు మిషను తొక్కుతుంటే ఇద్దరూ అప్పుడప్పుడు మంచం వైపు చూస్తారు.

మధ్యాహ్నమంతా డిజైనరు కొలను పక్కన ల్యాప్‌టాప్ మీద వంగే ఉంది. మూడింటికి చిన్న రికార్డరు పట్టుకుని వచ్చింది.

"ఆంటీ, మీ రాగం నాకు కావాలి."

"నా గొంతు దేనికమ్మా? బొంగురుపోయింది. మంచివాళ్ళతో వాయింపించావుగా."

"వాళ్ళవీ ఉంటాయి. పట్టుకున్నంతసేపే పాడేట్టు అన్నీ మార్చేశాను. కానీ తోట మొదట్లో ఈ రబ్బరు మొక్కని పెడతాను, మీ రాగంతో. రెండు నిమిషాలు వదలకుండా పట్టుకుంటే గేటు కాపలా గదిలో దీపం వెలుగుతుంది. అక్కడినుంచి మనిషి వస్తాడు."

ఆమె గొంతులోని ముల్లు కదిలినట్టయింది. "నిజంగా వస్తాడా?"

"మూసేలోపు దీపం పెట్టేస్తాం. మీరే చూద్దురుగాని."

కానీ రికార్డరు ముందు కూర్చుంటే రాగం రాలేదు. నాలుగుసార్లు మొదలుపెట్టి నాలుగుసార్లూ దగ్గింది. "ఆకు మీద చెయ్యి లేకుండా ఎట్లా పాడనూ?" అని చిరాకుపడింది. చుట్టుపక్కల పిల్లలెవరూ లేరు. చివరికి తోటమాలిని పిలిచారు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి ఆ జానెడు స్టూలు మీద కూర్చునేసరికి మోకాళ్ళు గడ్డానికి తగిలాయి. మట్టి కొట్టుకుపోయిన చెయ్యి కడుక్కుని వచ్చి ఆకు పట్టుకున్నాడు.

ఆమెకు నవ్వు ఆగలేదు. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుని, ఆ నవ్వు గొంతులో ఇంకా ఉండగానే రాగం అందుకుంది. తోటమాలి కళ్ళు మూసుకున్నాడు. బయట పైపులోంచి నీళ్ళు ధారగా పోతున్నా లేవలేదు. పది నిమిషాల తర్వాత డిజైనరు చాలని సైగ చేసింది.

"ఉండండమ్మా," అన్నాడు కళ్ళు తెరవకుండానే. "నాకోసం ఇంకా ఎవరూ రాలేదు."

సాయంత్రం మూసే వేళకు ఆమె స్విచ్చి వేసి రోజూ చెప్పే మాటలే చెప్పింది. "పార్కు మూసే వేళయింది. పిల్లల చేతులు పట్టుకుని నడవండి." తర్వాత స్విచ్చి ఆపింది. మైకుకు గుడ్డ కప్పి, బ్రష్షు సొరుగులో పెట్టి, తాళంచెవి ఆఫీసులో ఇచ్చేసింది. భుజానికి సంచీ, చంకలో స్టూలు. కొలను వైపు దారి చుట్టే అయినా ఆ దారినే నడిచింది.

రబ్బరు మొక్క కుండీని తోట మొదట్లో, పిల్లలకు అందేంత ఎత్తున కుదిర్చారు. మట్టిలోంచి సన్నని వైరు ఒకటి రాళ్ళ కిందికి పోయింది. చుట్టూ ఎవరూ లేరు. ఆమె సంచీ, స్టూలు మొక్క పక్కన పెట్టి కింది ఆకును పట్టుకుంది.

తన గొంతే వినిపించింది. తను నవ్వితే ఎలా ఉంటుందో ఆమె ఎప్పుడూ వినలేదు. చెయ్యి తియ్యాలనుకుంది. రిబ్బను కోసం వదిలేసిన చిన్న చెయ్యి గుర్తొచ్చింది, నూనె మరకల పెద్ద చెయ్యిగా మారి ఆసుపత్రి మంచం మీదున్న ఆ చెయ్యే గుర్తొచ్చింది. ఏడుపొచ్చింది. ఏడ్చింది. ఆకు మాత్రం వదల్లేదు. రాగం సాగుతూనే ఉంది.

"వదినా! ఇక్కడున్నావా!"

దారి మలుపులోంచి మరదలు రొప్పుతూ వస్తోంది. వెనకాల టార్చిలైటుతో తోటమాలి.

"గంటనుంచీ గేటు దగ్గర నిలబడ్డాను. ఈ ఒక్కరోజూ తీసుకెళ్దామని నేనొస్తే నువ్వేమో..."

"కాపలా గదిలో దీపం వెలిగింది అక్కయ్యా," అన్నాడు తోటమాలి. "ఎవరి పిల్లో అని పరుగెత్తుకొచ్చాం."

ఆమె ఆకు మీదనుంచి చెయ్యి తీసింది. రాగం ఆగింది. సంచీలోంచి సీసా తీసి మరదలికి ఇచ్చింది.

"ముందు నీళ్ళు తాగవే. తర్వాత తిడుదువుగాని."

మరదలు తాగింది. తిట్టలేదు. వదిన చెయ్యి పట్టుకుంది, ఇద్దరూ గేటు వైపు నడిచారు. తోటమాలి టార్చి వేస్తూ నాలుగడుగులు వెంట వెళ్ళి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగాడు. "అక్కయ్యా, మీ స్టూలు!"

"అక్కడే ఉండనీ," అంది ఆమె వెనక్కి తిరక్కుండా. "ఎంతసేపని నిలబడతారు పిల్లలు."

మెరిసే ఆకు కింద జానెడు స్టూలు, దాని నాలుగో కాలు కింద ఆ పొద్దునే మడిచి అంటించిన కొత్త అట్టముక్క.