రాని రోజు చుక్క

పొద్దు పొడవక ముందే గున్నమ్మ కొబ్బరిచిప్పలోని సున్నంలో వేపపుల్ల ముంచి, వీధి గోడ మీద నిన్నటి రోజుకు ఒక చుక్క పెట్టింది. ఈ నెల వరసలో పద్దెనిమిదోది. పైన పోయిన నెల వరస అలాగే ఉంది. చిప్పను గూట్లో పెట్టి తలుపు గొళ్లెం వేసింది. వేసిన గొళ్లేన్ని రెండుసార్లు లాగి చూసింది. లోపల పట్టుకుపోవడానికి ఏముంది గనక! అయినా చూస్తుంది. ఆవిడ అంతే.

నౌపడ ఉప్పుమడుల్లో ఆవిడది నలభై ఏళ్ల పని. పొడుగు కర్రకు బిగించిన చెక్కపలకతో మడిలో పేరుకున్న ఉప్పును గట్టుకు లాగడం, తట్టకెత్తి మోయడం. అరికాళ్లు తెల్లగా బీటలు వారి ఉండేవి. చుట్టూ నీళ్లే, తాగడానికి గుక్కెడు ఉండవు. ఊళ్లో బోరు నీళ్లకు పప్పయినా ఉడకదు. సర్కారు ట్యాంకరు వస్తేనే కడవ నిండేది.

మనుషుల్ని నమ్మకపోవడం ఆవిడకు పుట్టుకతో వచ్చింది కాదు. ఒకప్పుడు ఎవరో వచ్చి ఏదో కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నారు. తర్వాత చూస్తే ఆవిడ పెరట్లో మరుగుదొడ్డి కట్టేసినట్టు తేలింది. ఆవిడ ఇప్పటికీ చెంబు పట్టుకుని తోటల్లోకే పోతుంది.

ఎండ ఎక్కేవేళకు అనూరాధ గట్టు మీదికి వచ్చింది. పక్కింటి కూర్మమ్మ మనవరాలు, డిగ్రీ చదువుతోంది. చేతిలో ఫోను.

"మామ్మా, ఏ ఊరికి ట్యాంకరు ఎన్ని రోజులొచ్చిందో సర్కారోళ్లు నెట్లో పెట్టీసినారు. ఎవులైనా సూడొచ్చు."

"ఎవులైనా సూసీదైతే అందులో నిజమేటుంతాదే?"

"అది సూసే మనూరికి కుళాయి ఇప్పుడొద్దనీసినారు. పోయిన నెల ఇరవైనాలుగు రోజులొచ్చిందట."

"ఏడు రోజులే వొచ్చినాది."

"మరి నీ గోడ మీదా ఇరవైనాలుగు సుక్కలే ఉన్నాయి. లెక్కెట్టీ వొచ్చినాను."

గున్నమ్మ చేతిలో పలక ఆగిపోయింది. "ఓలమ్మా! గుంటా, నాను సుక్క పెట్టీది రాని రోజుకే!"

అది ఆవిడకు పెళ్లయిన కొత్తలో అలవాటయింది. మొగుడు వేటకని సముద్రం మీదికి పోతే, ఇంటికి రాని ప్రతి రోజుకూ ఒక చుక్క. వచ్చాక నవ్వుతూ తడిగుడ్డతో తుడిచేసేది. ఆఖరిసారి పెట్టిన చుక్కలు ఇంటి లోపలి గోడంతా నిండాయి. వాటిని ఆవిడ తుడవలేదు.

అప్పుడు గుర్తొచ్చింది. నెల మొదట్లో సంచీ తగిలించుకున్న మనిషొకడు వీధి గోడ ముందు నిలబడి, "ట్యాంకరు లెక్కేనా మామ్మా?" అని అడిగాడు. తొందరగా వదిలిపోతే చాలని "అవును" అనేసింది.

"నా గోడే అబద్దమాడీసిందేటే!" అని గట్టు మీద కూలబడింది.

ఆ సాయంత్రం బడి వరండాలో గ్రామసభ. "నానొస్తే పేరు రాసుకుంతారు. మళ్లీ నా పెరట్లో ఏటి పుట్టిస్తారో" అని గునిసింది.

"నువ్వు సెప్పకపోతే ఆ ఇరవైనాలుగే నిజమైపోద్ది మామ్మా."

వెళ్లింది. ఊరిపెద్ద నరసింగరావు నవ్వాడు. "నీ గోడ సూసే రాసినారటే గున్నమ్మా! ఇప్పుడు మాట మారిస్తే ఎలాగ?" అందరూ నవ్వారు.

గున్నమ్మ లేచి నిలబడింది. "బావా, ట్యాంకరు నీ గుమ్మం కాడే ఆగుద్ది. వొచ్చిన రోజు నీకు గురుతుంతాది. రాని రోజు కడవ మోసినోళ్లకే గురుతుంతాది. సెప్పకపోడం నా తప్పే. దిద్దండి. దిద్దింది ఈ గుంట ఫోన్ల కనపడీదాకా నాను నమ్మను."

కడవలు మోసే ఆడాళ్లు ఒక్కొక్కరే లేచి ఆవిడ పక్కన నిలబడ్డారు. కార్యదర్శి రాసుకున్నాడు. రాసింది అనూరాధ చేత రెండుసార్లు చదివించుకుని గానీ ఆవిడ కదల్లేదు.

ఇంటికొచ్చి గుండెల్లో బరువుగా ఉందంటూ చాప మీద ఒరిగింది. తెల్లారి కూర్మమ్మ వచ్చేసరికి, మడికి పోయే వేళ దాటినా తలుపుకు బయటి గొళ్లెం వేసి లేదు. తోసి చూడకముందే కూర్మమ్మకు తెలిసిపోయింది.

పదకొండో రోజున ఫోన్లో ఇరవైనాలుగు పోయి ఏడు వచ్చింది. అనూరాధ ఆ ఫోను పట్టుకుని గోడ దగ్గరికి వచ్చింది. చూపించడానికి మనిషి లేదు. ట్యాంకరు ఆ రోజూ రాలేదు. పద్దెనిమిదో చుక్క పక్కన గోడ ఖాళీగా ఉంది. గూట్లో కొబ్బరిచిప్ప అలాగే ఉంది. సున్నం ఆరి బీటలు వారింది, వేపపుల్ల అందులో నిలబడే ఉంది.