అదే బకెట్‌లో

శ్రీవిద్య బకెట్ మూత తీసి చూసింది. బీరు మీద తెల్లటి పొర ముడతలు పడి తేలుతోంది. అయినా గరిటెతో కొంచెం తీసి నోట్లో వేసుకుని, సింక్‌లో ఉమ్మేసింది. బీరు ఈస్ట్‌తో పొంగాలి గానీ ఇలా పుల్లబడకూడదు. ఆ ఎండాకాలం అల్ఫారెట్టాలోని ఆమె గరాజ్‌లో కాచిన ప్రతి బ్యాచ్ ఇలాగే పాడయింది.

ఆమె, ఉమ కలిసి ఈ పని మొదలుపెట్టారు. ఇద్దరూ ఇంజినీరింగ్‌లో హాస్టల్ రూమ్మేట్లు. ఇప్పుడు ఒకే కాలనీలో రెండు వీధుల దూరం. శనివారం ఉదయాన్నే ఉమ తన పెద్ద గిన్నె పట్టుకుని వచ్చేది. బార్లీ మాల్ట్ మరుగుతుంటే ఆఫీసు, వీసా, పిల్లల మార్కులు ఏవీ గుర్తొచ్చేవి కావు. వారం మొత్తంలో శ్రీవిద్య ఎదురుచూసేది ఆ పూట కోసమే.

ఇప్పుడు ఆ పూటంటే భయం పట్టుకుంది. గొట్టాలు మార్చింది. గరిటెలు కూడా ఉడకబెట్టింది. శానిటైజర్‌లో నాని చేతులు పగిలిపోయాయి.

"బకెట్ కూడా మార్చేద్దామే," అంది ఒకరోజు.

"బకెట్ల ఏం లేదు, నేనే కడిగిన కదా," అంది ఉమ. గరాజ్ మూలకేసి చూసింది. "మీ మామయ్య పిండి ఇక్కడే పులియబెడ్తడు కదా. అండ్ల బ్యాక్టీరియా గాల్లోకి రాదా?"

ఆ మూలలో శ్రీవిద్య మామగారు పరంధామయ్య గ్రైండర్ ఉంది. భార్య పోయాక కొడుకు దగ్గరికి వచ్చేసిన ఆయన, ఇక్కడ తనకంటూ పెట్టుకున్న పని దోసెల పిండి రుబ్బడమొక్కటే. ఇంట్లో చప్పుడని గరాజ్‌లో రుబ్బి, అక్కడి వెచ్చదనానికి గిన్నె అక్కడే ఉంచేవారు.

ఆ సాయంత్రమే శ్రీవిద్య ఆయనతో చెప్పింది. "మావయ్యగారూ, కొన్నాళ్ళు పిండి రుబ్బకండి. బీరు దాని వల్లే కంటామినేట్ అవుతోందేమో."

ఆయన చేతిలోని పేపరు మడిచారు. "అయ్యో, నా వల్లే నీ కష్టమంతా పాడైపోతోందా? ముందే చెప్పకూడదా అమ్మా. ఏమీ అనుకోకు."

గ్రైండర్‌ను తుడిచి, వచ్చినప్పటి అట్టపెట్టెలోనే సర్దేశారు. ఆ తర్వాత స్టోర్ నుంచి పిండి ప్యాకెట్లు వచ్చాయి. ఆయన ఒక దోసెతో లేచిపోయేవారు.

ఆ తర్వాత కాచిన బీరు కూడా పుల్లబడింది.

బీరు కాచేవాళ్ళ క్లబ్ పార్కులో కలిసిన రోజు శ్రీవిద్య ఒక్కతే వెళ్ళింది. అక్కడ ఎన్నో ఏళ్ళుగా బీరు కాస్తున్న సత్యంగారి పక్కన కూర్చుని తన గోడు చెప్పుకుంది.

"కొత్త బకెట్ కొన్నారుగా?" అన్నారాయన.

"లేదు, పాతదే."

ఆయన ఆమెను వింతగా చూశారు. "అదేంటమ్మా? మొన్న స్ప్రింగ్‌లో ఉమ సోర్ బీర్ చేసి తెచ్చింది కదా. కావాలని బ్యాక్టీరియా వేసి పులిపించే రకం. నువ్వు ట్రైనింగ్‌కి ఇర్వింగ్ వెళ్ళినప్పుడు మీ బకెట్‌లోనే చేశానంది. ఆ బ్యాక్టీరియా ప్లాస్టిక్ గీతల్లోకి దూరితే ఎంత కడిగినా పోదు, ఇంక దాన్ని వాడొద్దని అప్పుడే చెప్పాను."

"ఉమకా?"

"ఉమకే. కొత్తది కొంటాం అంకుల్ అంది."

శ్రీవిద్య అక్కడి నుంచి నేరుగా ఉమ ఇంటికి డ్రైవ్ చేసింది. తలుపు తీసిన ఉమ ఆమె ముఖం చూసి పక్కకు తప్పుకుంది. శ్రీవిద్య లోపలికి వెళ్ళలేదు.

"సత్యంగారు చెప్పారు."

ఉమ గడప దాటి బయటికొచ్చి, వెనక తలుపు దగ్గరికి వేసింది. "ఫస్ట్‌ల ఏం కాదనుకున్న, మస్తు కడిగిన. తర్వాత చెప్దామంటే నువ్వు బీరు పాడైందని ఏడ్చినవ్. లేట్ అయినకొద్దీ చెప్పుడు కష్టమైంది."

"పిండి మీదికి ఎందుకు తోశావు?"

"నువ్వు బకెట్ మారుద్దామన్నవ్ కదా." ఉమ గొంతు తగ్గింది. "మారిస్తే బీరు మంచిగైతది. అప్పుడు నీకు తెలిసిపోతదనుకున్న."

"మా మావయ్య నాకే సారీ చెప్పినంత పని చేశారే. ఆయన చేత గ్రైండర్ పెట్టెలో పెట్టించాను. నీ మాట పట్టుకుని."

"ఒక బీరు కోసం ఇంత..."

"బీరు కోసం కాదు," అని శ్రీవిద్య కారు దగ్గరికి నడిచింది.

ఇంటికొచ్చి మామగారితో జరిగింది జరిగినట్టు చెప్పింది. తొందరపడి ఆయన మనసు నొప్పించానని ఒప్పుకుంది. ఆయన కోప్పడలేదు. "ఆ పిల్లకి అల్లం చట్నీ ఇష్టమని ప్రతి శనివారం విడిగా నూరేవాణ్ణి," అన్నారు, అంతే. ఆ మాట దగ్గరే శ్రీవిద్యకు ఏడుపొచ్చింది.

కొత్త బకెట్‌లో ఆమె ఒంటరిగా కాచిన బీరు బాగా కుదిరింది. బంగారు రంగులో తేటగా ఉంది, పులుపు జాడ లేదు. ఒక గ్లాసు పోసుకుంది. ఎవరికి చూపించాలో తోచలేదు. సగం తాగి పక్కన పెట్టింది.

మర్నాడు ఉమ మెసేజ్ పెట్టింది: "శనివారం రానా?"

శ్రీవిద్య ఫోన్ బోర్లించి గరాజ్‌లోకి వెళ్ళింది. అక్కడే ఉండిపోయిన ఉమ పెద్ద గిన్నెను తోమి, ఆరబెట్టి, కారులో తీసుకెళ్ళి వాళ్ళ గుమ్మం ముందు దించింది. లోపల టీవీ మోగుతోంది. బెల్ కొట్టకుండానే వెనక్కి తిరిగింది.