నిదానస్తుల గంట

నేను ఒక సైకిల్ గంటను. నోరుంది గానీ మాట నా చేతిలో లేదు. ఎవరి బొటనవేలైనా మీట నొక్కితేనే పలుకుతాను. ఎక్కడో లూధియానాలో రేకును గిన్నెలా వంచి, లోపల పళ్ళచక్రాలు పెట్టి, పైన తళతళలాడే పూత పూసి నన్ను లోకంలోకి వదిలారు. అట్టపెట్టెలో రైలెక్కి, బస్సెక్కి అమలాపురం చేరాను.

మొదట ఒక పాలాయన సైకిలుకు ఉన్నాను. తెల్లారుతూనే నా చప్పుడు విని వీధివీధంతా గిన్నెలు పట్టుకుని గుమ్మాల్లోకి వచ్చేది. నా కోసమే అనుకుని మురిసిపోయాను. ఆయన మోపెడ్ కొన్నాక తెలిసింది, వాళ్ళు వచ్చింది పాలకని. తర్వాత అద్దె సైకిళ్ళ కొట్టు. అక్కడ పిల్లలు దారిలో పురుగు కూడా అడ్డం లేకపోయినా నన్ను మోగించేవాళ్ళు. పనిలేకుండా పలకడంలో ఎంత సుఖముందో అప్పుడే తెలిసింది. ఆ కొట్టూ మూతపడింది. పాతసామాన్ల బస్తాలో ఉన్న నన్ను దర్జీ జకరయ్య గారు బయటికి తీసి, కుట్టుమిషను నూనె రెండు చుక్కలు వేశారు. ఆ చల్లదనం ఇంకా నాలో ఉంది.

జకరయ్య గారికో సైకిలు సంఘం ఉంది. వేసవిలో ఆదివారం పూట, ఎండ ముదరకముందే బయల్దేరి, కాలవగట్ల వెంట, కొబ్బరితోటల మధ్య సందుల్లో పడి తిరిగొస్తారు. ఫలానా చోటికి చేరాలన్న తొందరేమీ లేదు. కానీ ఒక ఆచారం ఉంది. అందరికంటే నిదానంగా తొక్కేవాళ్ళు ముందుండాలి. వాళ్ళను ఎవరూ దాటకూడదు. నన్ను వాళ్ళ హ్యాండిల్‌కే బిగిస్తారు. అలుపొస్తే వాళ్ళు నన్ను మోగిస్తారు, అందరూ దిగుతారు. ఎవరికి అలుపొచ్చిందని అడగరు. మిగతావాళ్ళ సైకిళ్ళకు గంటే ఉండదు. ఒకళ్ళ పరువు ఒకళ్ళు కాపాడుకోడానికి మనుషులు ఇంత చక్కటి ఉపాయం పన్నారంటే నాకు ముచ్చటేసింది. అదెక్కడ బెడిసికొడుతుందో మాత్రం మొన్న మే నెలలో చూశాను.

ఆ రోజు నన్ను భ్రమరాంబ గారి సైకిలుకు బిగించారు. ఆవిడ ఆడపిల్లల హైస్కూల్లో హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరయ్యారు. మోకాలి ఆపరేషన్ తర్వాత సంఘంతో రావడం అదే మొదలు.

"ఇవాళ మీ అందరితో సమానంగా తొక్కలేకపోతే, ఈ సైకిలు మా మేనకోడలికి ఇచ్చేస్తాను. ఇక రాను" అన్నారు.

"పొద్దున్నే అవేం మాటలండీ బాబూ!" అన్నారు కొబ్బరికాయల వ్యాపారి పళ్ళంరాజు గారు.

బయల్దేరాం. కాలవ మీంచి చల్లగాలి వస్తోంది. తడిసిన కొబ్బరిపీచు వాసన. తాటిముంజలు కొట్టే చోట ఎప్పుడూ ఆగడం అలవాటు. అక్కడికి రాగానే ఆవిడ బొటనవేలు నా మీట మీదికొచ్చింది. "ఇంతలోనే ఆగితే జాలిపడతారు" అని గొణుక్కున్నారు. వేలు వెనక్కి పోయింది. టీకొట్టు దగ్గరా అంతే. నొక్కండమ్మా అని అరవాలనిపించింది. అరవాలంటే నాకు ఆవిడ వేలే కావాలి.

ఎండెక్కింది. వెనకనుంచి మాటలు వినిపిస్తున్నాయి.

"మేడం గారు ఇయ్యాల ఆపేలా లేరండి" అంటున్నారు జకరయ్య గారు.

"నోరు మూసుకుని తొక్కవయ్యా. మోకాలు కోయించుకున్నావిడే తొక్కుతుంటే నీకేం వచ్చింది?" అని రాజు గారు కసిరారు.

"ఆయాసం వచ్చిందండి."

రాజు గారి రొప్పు ముందున్న నా దాకా వినిపించింది.

మరో మలుపు తిరిగేసరికి జకరయ్య గారు గొంతెత్తేశారు. "మేడం గారూ! మీకు దణ్ణవెడతానండి, ఆ గంటోపాలి కొట్టండి! రాజు గారు టమాటా పండైపోయారు!"

భ్రమరాంబ గారు మెడ తిప్పి చూశారు. "అలుపు మీకా?"

"ముంజల కాణ్ణుంచీ అండి! మీరు కొట్టకుండా మేం దిగకూడదు కదండీ!"

"నా మీద జాలితో నెమ్మదిగా వస్తున్నారనుకున్నానయ్యా!"

అప్పుడు నొక్కారు. మోగాను, గిన్నె అదిరేలా.

అందరూ గట్టు మీద కూలబడ్డారు. రాజు గారు ఏకంగా పడుకున్నారు. "నోళ్ళు లేవా మీకు? చెయ్యెత్తి చెప్పొద్దూ!" అని ఆవిడ కేకలేశారు, పిల్లల్ని వేసినట్టే.

"హ్యాండిలొదిలితే పడిపోతామండి" అన్నారు జకరయ్య గారు.

ఆవిడ నవ్వారు. నవ్వుతూనే కూర్చుని మోకాలు నిమురుకున్నారు. కొంచెం వాచినట్టుంది. అయినా ఆ మొహంలో పొద్దుటి బిగువు లేదు. కాసేపటికి స్పానర్ అడిగి తీసుకుని, తన చేత్తోనే నన్ను విప్పి, కొంగుతో దుమ్ము తుడిచి, రాజు గారి హ్యాండిల్‌కు బిగించారు.

పడుకున్న చోటి నుంచే ఆయన అడిగారు. "అయితే మేడం, ఆ సైకిలు మీ మేనకోడలికి ఎప్పుడిస్తారు?"

"దాని కాళ్ళు రెండూ బాగానే ఉన్నాయి. నడుస్తుంది."

రాజు గారి బొటనవేలికి మొహమాటం లేదు. తిరుగుదారిలో చెట్టు నీడ కనిపించినప్పుడల్లా మోగాను. వరసలో అందరికంటే చివర భ్రమరాంబ గారు వస్తున్నారు. వచ్చే ఆదివారం కాలవకు ఏ గట్టున వెళ్ళాలని జకరయ్య గారితో వాదం పెట్టుకున్నారు. ముందున్న నా దాకా ఆవిడ గొంతు ఖంగుమని వినిపిస్తూనే ఉంది.