మెట్ల మీద తెల్లచార

పెరుగు గిన్నెతో సహా ఆశమ్మ మెట్ల మలుపులో పడి ఉంది. ఆమె చీరను తడుపుతున్న నీళ్లు కాసేపటి క్రితం శశాంక్ పోసినవి.

"ఎవరన్న రండిరా! ఆశమ్మ పడ్డది!"

అతని కేకకు హాస్టల్ కుర్రాళ్లు పుస్తకాలు పడేసి పరుగెత్తుకొచ్చారు. ఇద్దరు ఆమెను లేపి ఆటో ఎక్కించారు. కుడి చేయి మణికట్టు దగ్గర వంకరపోయింది. అంత నొప్పిలోనూ ఆమె, "పెరుగంత ఆగమైపాయె, సార్ ఏమంటడో" అనే అంటోంది. అందరూ ఆటో చుట్టూ మూగి ఉండగా శశాంక్ తన బకెట్టును చప్పుడు కాకుండా మేడ మీది గదిలోకి చేర్చాడు.

అశోక్‌నగర్‌లో గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లల హాస్టల్ అది. ఆశమ్మ అక్కడ వంట చేస్తుంది, మెట్లు కడుగుతుంది. పై గదిలో శశాంక్ కిరాయికుంటాడు. పగలు నారాయణగూడలో ఒక స్టూడియోలో పాస్‌పోర్టు ఫోటోలు తీస్తాడు. తక్కిన వేళల్లో కెమెరాతో సిమెంటు గోడల వెంట తిరుగుతాడు. కొండలకూ కోనలకూ వెళ్లే తాహతు లేనివాడికి చిక్కడపల్లి సందులే కొండలు. సాయంత్రపు ఎండ పక్కవాటుగా తాకాలే గానీ, చవకబారు గోడ కూడా ప్రాణం పోసుకుంటుంది. సెంట్రింగ్ చెక్కల గీతలు, తాపీ గీరిన గుర్తులు, ఇనుప చువ్వ నుంచి కారిన తుప్పు, అన్నీ లేచి నిలబడతాయి. అదీ చాలకపోతే నీళ్లు పోయాలి. తడిసిన సిమెంటు నలుపెక్కి వెలుగును పట్టుకుంటుంది. ఈ కిటుకును అతను వీడియోలు చేసి చాలామందికి నేర్పాడు. పోసిన నీళ్లు తుడవాలని మాత్రం ఏ వీడియోలోనూ చెప్పలేదు.

ఆ సాయంత్రం తీసిన మెట్ల ఫోటోను ఎక్కడికీ పంపకూడదనుకున్నాడు. బషీర్‌బాగ్‌లో ప్రదర్శన పెడుతున్నామని స్నేహితులు అడిగితే పంపాడు. చూసినవాళ్లంతా దాని ముందే ఆగారు. హాస్టల్ యజమాని ధర్మారావు ముచ్చటపడి, ఆ ఫ్రేమును తన ఆఫీసు గదికి తెప్పించుకున్నాడు.

"కొంచెం ఎడమకి... ఆఁ, చాలు!" కుర్చీలోంచే చెప్పాడు ధర్మారావు. శశాంక్ స్టూలెక్కి మేకుకు ఫ్రేము తగిలిస్తున్నాడు. "మా మెట్లంటే ఎవడన్నా నమ్ముతాడా? నల్లరాయిలా మెరుస్తున్నాయి. అవునూ, ఆ తెల్లచార ఏంటయ్యా, సెలయేరులాగా?"

"సున్నం సార్. పెయింటోళ్లది ఒలికుంటది."

అబద్ధం నున్నగా జారిపోయింది.

"దండం సార్" అని గుమ్మంలో గొంతు వినిపించింది. ఆశమ్మ. సర్కారు దవాఖానాలో కట్టిన పిండికట్టును పాత కండువాతో మెడకు వేలాడదీసుకుంది.

"రా ఆశమ్మా. ఎలా ఉంది చెయ్యి?"

"గట్లనే ఉంది సార్. పట్టీ ఇంక కొన్ని దినాలు ఉంచాలెనట. ఎడమ చెయ్యితోని కూరగాయలు కడుగుత, ప్లేట్లు పెడుత. జర పనిల ఉండనియ్యుండ్రి."

"రాంనగర్ నుంచి ఇంకొకావిడ వస్తోందమ్మా. నీకిచ్చే పన్నెండు వేలే ఆవిడకిస్తున్నాను. ఇద్దరికి ఎక్కణ్ణుంచి తేను? అయినా నేనేమన్నా తోశానా? మెట్లు కడిగేది నువ్వు, తుడవకుండా వదిలింది నువ్వు, పడిందీ నువ్వే. ఆటో డబ్బులు నేనే ఇచ్చాను, అదైనా గుర్తుందా?"

"ఉంది సార్, మీ పున్యం." ఆమె తల వంచుకుంది. "తుడిచిననే అనుకున్న. యాదికొస్తలేదు. తప్పు నాదే. చిక్కడపల్లిల రెండిండ్లు అడిగిన, మెట్ల మీద పడ్డదానివి నువ్వేనా అని పంపిచ్చిండ్రు. మా కోడలు గూడ, ‘నీకు దిమాక్ పోయింది అత్తా, పొయ్యి కాడికి రాకు, ఇల్లు తగలబెడుతవ్’ అంటది. నిజమే కావొచ్చనిపిస్తది సార్. రాత్రిళ్లు తలుపు గొళ్లెం పెట్టిన్నా లేదా అని ఊకె లేచి చూస్తున్న."

శశాంక్ ఇంకా స్టూలు మీదే ఉన్నాడు. దిగితే ఆమెకు ఎదురుపడాలి. దిగకపోతే ఆ ఫోటో పక్కనే నిలబడాలి.

ఆశమ్మ తలెత్తి చూసింది. "మంచిగుంది బిడ్డా. దేనిది?"

"నువ్వు కడిగే మెట్లే!" నవ్వాడు ధర్మారావు. "చూడు, ఎన్ని నీళ్లో! ఇలా వదిలేస్తే జారరా మరి?"

ఆమె దగ్గరకొచ్చి మెడ సాచింది. ఎడమచేతి వేలు అద్దానికి తాకకుండా తెల్లచార వెంట కిందికి దిగింది, మూలన ఆగింది. అక్కడ వెలుగు చుక్కలా మెరుస్తున్నది స్టీలు అంచు.

"ఇది నా గిన్నె గదా?" అంది మెల్లగా. "ఇది పెరుగు."

ధర్మారావు కుర్చీలోంచి లేచి వచ్చి కళ్లజోడు సర్దుకున్నాడు. చాలాసేపు చూశాడు. అతనికి ఆ ఫ్రేము మీద మోజు ఇంకా పోలేదు.

"పోనీలే, నిన్ను ఆస్పత్రికి తీసుకెళ్లాక తీసుంటాడు. అంతేనా శశాంకూ?"

దారి తనంతట తానే తెరుచుకుంది. ఊఁ అంటే చాలు.

శశాంక్ స్టూలు దిగాడు.

"కాదు సార్."

"మరి?"

"ఆశమ్మ తుడిచింది. మెట్లు మొత్తం ఎండి ఉన్నయి. ఎండిన సిమెంటు ఫోటోల మంచిగ రాదని నేనే బకెట్ నీళ్లు పోసిన. నీ దిమాక్ ఎక్కడికి పోలేదు ఆశమ్మా. పై మెట్టు మీద కూసోని కెమెరాల చూస్తున్న. నువ్వు ఎక్కొస్తుంటే గిన్నె చప్పుడు ఇన్న. నీళ్లున్నయి, ఆగు అని ఒక్క మాట అనాలె. అనలే. నువ్వు పడ్డవ్. పెరుగు మెట్ల మీదికెళ్లి కారుతున్నది, ఎండ సక్కగ దాని మీదనే ఉన్నది. నువ్వు ‘అవ్వా’ అని మూలుగుతున్నవ్. నాకు ఇనబడ్డది. ఇనుకుంటనే ఫోటో తీసిన. చెయ్యి వణికి అది కదిలిపోయింది. మళ్లొకటి తీసిన. గప్పుడు కేకేసిన. గోడ మీదున్నది రెండోది."