వెనక్కి విసిరిన చట్రం

చట్రమయ్య తుంగనేలలో పది అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచి, ఆగి, చేతిలోని చెక్క చట్రాన్ని భుజం మీదుగా వెనక్కి విసిరాడు. మూర పొడవు, మూర వెడల్పు. చూడకుండా విసరాలి. చూసి విసిరితే మనిషి తనకు కావలసిన చోటే పడేలా చేసుకుంటాడు. అది ఎక్కడ పడితే అక్కడ వంగి, లోపలున్న మొక్కలన్నీ లెక్కపెట్టాలి. ఇరవై తొమ్మిదేళ్లుగా ఆయన ఉద్యోగం ఇదే. అసలు పేరు ఆఫీసు రిజిస్టరులో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. "ఆ కాడలకిచ్చే టైములో నన్ను కూడా ఓసారి లెక్కపెట్టకూడదా?" అని భార్య దెప్పుతూ ఉండేది.

మోకాళ్లు బురదలో దిగేలా కూర్చుని, ఒక్కో కాడనూ రెండు వేళ్ల మధ్య తిప్పాడు. గడ్డి అయితే గుండ్రంగా దొర్లిపోతుంది. తుంగ దొర్లదు. దాని కాడకు మూడు పలకలుంటాయి, వేలికి తగులుతాయి. తుంగ ఉన్న నేలను పూడ్చకూడదని రూలు. చట్రంలో నూట పన్నెండు తుంగ కాడలు, ఒక కప్ప. కప్పను లెక్కలో రాయరు.

బురద చేత్తో కాగితం ముట్టుకుంటే సిరా అలుక్కుపోతుంది. అందుకే నెల మొదట్లోనే ఆఫీసులో పొడి చేతులతో ఖాళీ ఫారాలన్నిటి కిందా సంతకాలు పెట్టేసేవాడు. సాయంత్రం ఆయన అంకెలు చెబితే ఆఫీసరు రాసుకోవాలి. పాత ఆఫీసర్లు చెప్పింది చెప్పినట్టే రాశారు. ఇప్పుడున్న ఆయన వచ్చి నాలుగు నెలలైంది.

రోడ్డు మీద మట్టి లారీ ఆగింది.

"పెద్దాయనా, కాస్త పక్కకు జరుగు. ఇక్కడే పొయ్యమన్నారు," అన్నాడు డ్రైవరు.

"ఎవరన్నారు?"

డ్రైవరు ఒక కాగితం చూపించాడు. ఈ నేలలో తుంగ లేదని, ఉన్నదంతా రోడ్డు పక్క గడ్డేనని, పూడ్చడానికి అభ్యంతరం లేదని ఉంది. కింద చట్రమయ్య సంతకం.

ఒళ్లు మండిపోయింది. "నేనొచ్చేదాకా పొయ్యకు," అని చెప్పి, చట్రం చంకన పెట్టుకుని, బురద కాళ్లతోనే ఆఫీసు దాకా నడిచాడు. తుడిచిన గచ్చు మీద అడుగుల ముద్రలు పడుతుంటే ఎప్పుడూ లేనిది ఆయనకు సంతోషంగా అనిపించింది.

"నేను చెప్పిన అంకెలేవి సార్?"

"ఇరవై చోట్ల నేనే చట్రం పెట్టి చూశాను చట్రమయ్యా. అన్నీ గడ్డే," అన్నాడు ఆఫీసరు టీ తాగుతూ.

"పెట్టారా, విసిరారా?"

ఆఫీసరు కప్పు కింద పెట్టాడు. "రోడ్డు దిగకుండా చూశాను. ఏదైతేనేం, పచ్చగా ఉన్నదంతా గడ్డే కదా. అక్కడ గోదాము కడతారు. నీకు కాపలా పని ఇప్పిస్తాలే."

చట్రమయ్య జేబులోంచి తుంగ కాడ తీసి అందించబోయాడు. "ఒక్కసారి వేళ్ల మధ్య తిప్పి చూడండి."

ఆఫీసరు చెయ్యి చాపలేదు. "సంతకం నీదేగా?"

తనదే. తన చేత్తో, తన తెలివితక్కువతనంతో పెట్టింది. ఆఫీసరు మీద ఎంత కోపం వచ్చిందో, తన కుడిచేతి మీదా అంతే వచ్చింది.

"నాది కాదని రాసిస్తాను."

"అబద్ధం రాస్తావా?"

"అబద్ధం మీరు రాశారు. కింద నా పేరు తగిలించారు."

బీరువాలో తన సంతకంతో మిగిలిన తొమ్మిది ఫారాలూ తీసి నిలువునా చింపాడు. ఓ తెల్ల కాగితం మీద, రేపటినుంచి పనికి రానని రాశాడు. బురద చేత్తోనే సంతకం పెట్టాడు. సిరా అలుక్కుపోయింది. అలుక్కుపోనీ అనుకున్నాడు.

తిరిగి వచ్చేసరికి డ్రైవరు లారీ నీడలో కూర్చుని ఉన్నాడు. "ఏమన్నారు?" అని అడిగాడు. చట్రమయ్య లారీని దాటి, తుంగలోకి పది అడుగులు నడిచి, చట్రాన్ని భుజం మీదుగా వెనక్కి విసిరాడు. అది ఎక్కడ పడిందో తిరిగి చూడలేదు. అటునుంచి అటే, తుంగనేలకు అడ్డంపడి ఇంటిదారి పట్టాడు.

ఆయన వెనక లారీ తొట్టి పైకి లేచింది. చట్రం తుంగ మీద కాస్త ఏటవాలుగా పడి ఉంది. వంగిన కాడలు ఒక్కొక్కటే దాని లోపలినుంచి పైకి లేచి నిలబడుతున్నాయి.